ముందు కావడి

ఉత్త భుజాలతో పరిగెత్తడం ఎంత కష్టమో నాకు నలభై దాటాక తెలిసింది. అప్పటిదాకా నేను పరిగెత్తని రోజంటూ లేదు. అలాగే భుజం మీద కావడి లేకుండా పరిగెత్తిన రోజూ లేదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పల్లె. పడవలు ఒడ్డుకు రాగానే రొయ్యల్నీ పండుగొప్పల్నీ తాటాకు తట్టల్లో సర్ది, పైన తడిగోనె కప్పి, కావడి బద్దకు చెరోవైపు వేలాడదీసి నాయుడుపేట సంతకు మోసుకెళ్లేవాళ్లం. మంచుగడ్డల లారీలు మా వైపు ఇంకా తొంగి చూడలేదు. చేప మెత్తబడకముందే సంతకు చేరాలంటే నడిస్తే కుదరదు, పరిగెత్తాల్సిందే. అయితే అది బడిపిల్లల పరుగు కాదు. మోకాళ్లు కాస్త వంచి, పాదాలు నేలను రాసుకుంటూ, బద్ద ఊపుకు అడుగు కలిపి పోయే పరుగు. బద్ద పైకి లేచినప్పుడు బరువు ఒక్క క్షణం తేలికవుతుంది. ఆ క్షణంలో అడుగు ముందుకు పడాలి. అది పట్టుబడితే కావడి మనల్ని మోసుకుపోతున్నట్టే ఉంటుంది. పట్టుబడకపోతే మధ్యాహ్నానికి భుజం పుండైపోతుంది.

అందరం ఒకరి వెనక ఒకరు వరసగా పోయేవాళ్లం. వరసలో మొదటిదాన్ని ముందు కావడి అనేవాళ్లు. వేగం ఎంతో, ఎక్కడ తగ్గాలో, ఎక్కడ భుజం మార్చాలో చెప్పేది ముందు కావడివాడే. దారి చాలామటుకు సన్నటి గట్టు. ఒకడు తనకు తోచినప్పుడు బద్ద అటునించి ఇటు తిప్పితే వెనకవాడి తట్టకు కొట్టుకుని ఇద్దరి చేపలూ కాలవపాలు. అందుకని ముందువాడు “భుజమో!” అని కేక వెయ్యగానే ఉన్నవాడు ఉన్నచోట ఆగి, మెడ వంచి, కుడి భుజం నించి ఎడమకు మార్చుకుని, మళ్లీ ఒక్కసారే అడుగు వెయ్యాలి. ఆ కేకకు ఆగనివాణ్ణి నేను నా బతుకులో చూడలేదు. కాలిలో ముల్లు విరిగినా, తేలు కుట్టినా, ముందు భుజం మార్చి తరవాతే ఏడవాలి.

ముందు కావడి ఒకసారి పోగొట్టుకున్నవాడు వరసలో చిట్టచివరికి పోవాలి. అందరి దుమ్మూ తింటూ, అందరికంటే ఆలస్యంగా సంత చేరి, మంచి బేరాలన్నీ అయిపోయాక మిగిలిన ముఖాలు చూసుకోవాలి. అక్కడ ఉన్నవాణ్ణి ఊళ్లో ‘తాతా’ అని పిలవడం మొదలుపెడతారు. నాకు ఆ పిలుపంటే వల్లమాలిన భయం. 

మా నాయన ముందు కావడివాడుగా ఉన్న కాలంలో మొదటి కేక సరుగుడు తోపు దగ్గర పడేది. నాకు ముందు కావడి వచ్చాక నేను దాన్ని తోపు దాటించి, ఇంకా అవతల ఉన్న తూము దగ్గరికి జరిపాను. “తూము దాకా ఒకే భుజం” అని మా వాళ్లు పక్క ఊళ్లవాళ్ల దగ్గర చెప్పుకుంటుంటే నా ఛాతీ రెండింతలయ్యేది. అయితే ఆ మధ్య ఒకటి రెండేళ్లుగా తోపు దగ్గరికి వచ్చేసరికి నా కుడి మోకాలు పట్టేస్తోంది. పళ్లు బిగబట్టి తూము దాకా లాక్కుపోయేవాణ్ణి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు, ఎందుకంటే ఆమె నా తరవాతి కావడివాడికి అక్క.

అవును, వరసలో నా వెనక వచ్చేవాడు నా సొంత బామ్మర్ది. నాకంటే పుష్కరం పైగా చిన్నవాడు. కొంగ కాళ్లూ, ఎప్పుడూ ఏదో నములుతుండే నోరూ వాడివి. కావడి ఎత్తడం వాడికి నేర్పింది నేనే. ఆ సంవత్సరం ఎండలు ముదిరే ముందు ఒకరోజు సంత నించి తిరిగొస్తూ, ఖాళీ తట్టలు ఊపుకుంటూ వాడు అన్నాడు:

“బావా, ఇంక ముందు కావడి నాకు ఇచ్చెయ్యరాదా? నువ్వు మాత్రం ఎన్నాళ్లని లాగతావు?”

“నా కాళ్లకేమొచ్చిందిరా? నీ కాళ్లు నా కాళ్ల కన్నా పొడుగని ఎగరతాండావా?”

“అట్టయితే పందెం పెట్టు. గెలిచినోడిదే ముందు కావడి.”

“పెట్రా! భయపడేదెవరు?”

నా కోపం ఎప్పుడూ నాకంటే ముందు పరిగెత్తేది. ఇల్లు చేరేలోగా ఊరంతా తెలిసిపోయింది. మా ఆవిడ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతూ నా వైపు చూడకుండానే అంది: “తమ్ముడు గెలిస్తే కోడిని కోస్తా. నువ్వు గెలిచినా కోడిని కోస్తా. ఎటు తిరిగీ చచ్చేది నా కోడే. మీ ఇద్దరికీ పనీపాటా లేదు.”

సరిగ్గా ఆ రోజుల్లోనే పంచాయతీ సమితులు కొత్తగా వచ్చాయి. వాటితోపాటు మా ఊరికి సైకిలేసుకుని ఒక గ్రామసేవకుడు వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, నవ్వు ముఖం, కొత్త ఉత్సాహం. ఎరువుల గురించి చెప్పమని పంపితే మా ఊళ్లో పొలాలు లేవాయె. అందుకని ఆ మనిషి మాకూ చుట్టుపక్కల ఊళ్లకూ కలిపి ఆటలపోటీలు పెడతానన్నాడు. ఎండాకాలంలో మూడు పరుగుపందేలు: మొదటిది మద్రాసు రోడ్డు మీద, రెండోది ఎండిపోయిన సరస్సులో, మూడోది పడమట వెలికొండల అంచున ఒక గుడి ఉన్న కొండ మీదికి. అన్నిటిలోనూ నలభై దాటినవాళ్లకు వేరే బహుమతి.

ఆ మాట అనేసరికి ఊళ్లో ఒక్కడికీ నలభై దాటలేదు. నాతో కలిసి గోచీతో తిరిగినవాళ్లు కూడా ముప్పయ్యారు, ముప్పయ్యెనిమిది అని చెప్పడం మొదలుపెట్టారు. మా ఈడు వాళ్లం తుపానుల్ని బట్టి వయసు లెక్కగట్టేవాళ్లం కాబట్టి ఎవడు ఏ తుపానుకు పుట్టాడో తేల్చడం గ్రామసేవకుడి తరం కాలేదు. నేను మాత్రం ఒప్పుకున్నాను. బామ్మర్ది నవ్వుతుంటే అబద్ధమాడాలని అనిపించింది గానీ, నలభై దాటిన కాళ్లతో వాణ్ణి ఓడిస్తే ఆ రుచే వేరు కదా అనిపించి ఒప్పేసుకున్నాను.

నాకు తోడు ఒప్పుకున్నవాడు ఇంకొకడే దొరికాడు. చిల్లకూరు దగ్గర వరి పండించుకునే రైతు. పూర్వం పట్టాళంలో సిపాయిగా చేసి, బర్మా దాకా పోయి వచ్చినవాడు. మీసం చివర్లు చెవుల్ని వెతుక్కుంటూ ఉండేవి. నన్ను చూడగానే భుజం మీద చరిచి “తమ్ముడూ, కుర్రకుంకలకి మన సంగతి చూపిద్దాం” అన్నాడు. ఆ రోజు నించి ఆయన నాకు అన్న.

ఊరి పెద్దల సమక్షంలో ఒప్పందం ఇలా కుదిరింది: మూడు పందేల్లో బామ్మర్దీ నేనూ ఇద్దరిలో ఎవరు రెండుసార్లు ముందుంటే వాడిది ముందు కావడి. నేను ఓడితే ఆచారం ప్రకారం నాకు చివరి చోటు, వాడు ఓడితే వాడి చోటు వాడిదే.

రోడ్డు పందెం రోజు పొద్దున్నే అందరం మద్రాసు రోడ్డు మీద చేరాం. అక్కణ్ణించి నాయుడుపేట హైస్కూలు మైదానం దాకా పరుగు. తారు రోడ్డు పొద్దున్నే చల్లగా, నున్నగా ఉంది. హాయిగా పోవచ్చనుకున్నాను. ఈల వెయ్యగానే నాలుగడుగులు వేశానో లేదో, నాకు చేతులున్నాయని తెలిసివచ్చింది. వాటిని ఏం చెయ్యాలి? కుడి చెయ్యి ఎప్పుడూ బద్ద మీద ఉండేది, ఎడమ చెయ్యి వెనక తట్ట తాడు పట్టుకునేది. ఇప్పుడు రెండూ దిక్కులేనివైపోయాయి. కాసేపు ఊపాను, అవి ఒకదానికొకటి తగులుకున్నాయి. కాసేపు బిగదీసి పెట్టుకున్నాను, ఊపిరి ఆడలేదు. చివరికి కుడి చెయ్యి తనంతట తానే వెళ్లి భుజం మీద, లేని బద్దను పట్టుకుంది. అప్పుడు కాస్త ప్రాణం కుదుటపడింది. ఎదురుగా వచ్చిన బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఒకటే నవ్వు.

సిపాయి అన్న బూట్లు వేసుకొచ్చాడు. “లెఫ్ట్, రైట్” అని తనకు తానే చెప్పుకుంటూ ఒక మైలు దాకా అందరికంటే ముందున్నాడు. తరవాత బూటులో మేకు పైకి లేచింది. ఆయన రోడ్డు పక్కన కూర్చుని దాన్ని రాయితో కొడుతూ నన్ను చూసి, “ఆగద్దు తమ్ముడూ, నువ్వు పో!” అని యుద్ధంలో చెప్పినట్టు చెప్పాడు.

నాయుడుపేట పొలిమేరలో బామ్మర్దిని అందుకున్నాను. కొంగ కాళ్లు వేడెక్కిన తారు మీద తడబడుతున్నాయి. వాణ్ణి దాటుతుంటే కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అలా ముందుకు పోతూ చేపల పాక దగ్గరికి వచ్చాను. సంతలో మేం ఎప్పుడూ కావళ్లు దించేది అక్కడే. వచ్చి, ఆగిపోయాను. నేను ఆగలేదు, నా కాళ్లు ఆగిపోయాయి. ఆగడమే కాదు, మోకాళ్లు వంచి, కుడి భుజం వాల్చి, లేని కావడిని జాగ్రత్తగా కిందికి దించాను. పైగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, వేలం పాడే మనిషి ఎక్కడున్నాడా అని నాలుగు వైపులా చూశాను.

“బావా! ఈ పొద్దు సంత లేదు!” అని అరుస్తూ బామ్మర్ది నన్ను దాటేశాడు. నవ్వుకు వాడు పడిపోతాడేమో అనుకున్నాను. నా ఖర్మ, పడలేదు. నాకు తెలివి వచ్చి మళ్లీ పరుగందుకునేసరికి వాడు హైస్కూలు గేటు దాటిపోయాడు.

నలభై దాటినవాళ్లలో నేనే మొదటివాణ్ణి కాబట్టి ఇత్తడి చెంబు ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చి మూలన విసిరేశాను. మా ఆవిడ దాన్ని తీసి, చింతపండుతో తోమి, వెలుగులో తిప్పి చూసి, “నువ్వు ఎట్టా ఓడినావో గానీ చెంబు మాత్రం బాగుండాది” అంది.

ఆ తరవాత కొన్నాళ్లు ఊళ్లో నన్ను చూసినవాడల్లా భుజం వాల్చి కావడి దించినట్టు చేసేవాడు. సంతలో చేపలు దించాక ఎండ తగ్గేదాకా గ్రంథాలయంలో కూర్చోవడం నాకు ఎప్పట్నించో అలవాటు. నా దగ్గర చేపల వాసన కాబట్టి కిటికీ పక్క బల్ల నాదే, ఎవరూ పోటీకి వచ్చేవాళ్లు కాదు. నాకు చదువు పిచ్చి పట్టించింది ఆ బల్లే. ఆ రోజుల్లో మాత్రం పత్రిక ముందు పెట్టుకుని ఒక్క అక్షరం చదవకుండా, చేతులు ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం నేను సరస్సు ఒడ్డున ఒంటరిగా చేతులు ఊపడం సాధన చేస్తుంటే మా ఆవిడ వచ్చి చూసింది. నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది.

“ఏందయ్యా అది, కాకిని తోలతాండావా?”

“పరుగు నేర్చుకుంటాండా.”

“కావడి లేకుండా నీకు అడుగు పడదు గదా. కావడి తీసుకునే పోరాదా? వద్దని ఎవురన్నారు?”

ఎవరూ అనలేదు! గ్రామసేవకుడిని అడిగితే ఆయన కాసేపు బుర్ర గోక్కుని, బరువుతో పరిగెత్తకూడదని ఎక్కడా లేదన్నాడు. “మీకే కష్టం గదండీ” అని జాలిపడ్డాడు. ఆయనకేం తెలుసు!

ఎండాకాలంలో మా సరస్సు, పడవలు తిరిగే లోతు పాయ ఒక్కటి తప్ప, ఒక పెద్ద తెల్ల దుప్పటిలా ఎండిపోతుంది. పైన ఉప్పు పెళుసు, దాని కింద నల్ల బురద. రెండో పందెం ఆ పెళుసు మీద, ఒడ్డు నించి నడిమధ్యనున్న దిబ్బ మీది పల్లెకు పోయి మళ్లీ రావాలి. నేను పాత కావడి బద్దకు రెండు చిన్న కుండలు కట్టి, వాటిలో నీళ్లు పోసుకుని నిలబడ్డాను. జనం ఒకటే ఈలలు. బామ్మర్ది ముఖంలో మాత్రం నవ్వు లేదు. నా భుజం మీద బద్ద చూడగానే వాడికి అర్థమైపోయింది.

బద్ద ఊగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లకో సొంత ఇంటికి వచ్చినట్టుంది నాకు. చేతులు వాటి చోటికి అవే పోయాయి. ఎండ మాడ్చేస్తోంది. సగం దూరం పోయాక సిపాయి అన్న నాలుక బయటపెట్టి నా పక్కకు వచ్చాడు. ఈసారి బూట్లు లేవు.

“తమ్ముడూ, గుక్కెడు నీళ్లు!”

ఆగకుండానే ముందు కుండ ఆయన వైపు తిప్పాను. ఆయన పరిగెత్తుతూనే తాగాడు. దాంతో ముందు కుండ తేలికై కావడి వెనక్కి లాగేసింది.

“అన్నా, ముందు తాగితే సరిపోదు, ఎనక కుండలో కూడా అంతే తాగాల!”

ఆయన పాపం చుట్టూ తిరిగి వెనక కుండలోనూ తాగాడు. కాస్త ఎక్కువ తాగాడు. మళ్లీ ముందుకు రమ్మన్నాను. ఆ విధంగా నా తూకం సరిచేసేసరికి ఆయన కడుపు కుండైపోయి, ఇంక పరిగెత్తలేక, పొట్ట పట్టుకుని నడక మొదలుపెట్టాడు. ఆ రోజు నలభై దాటినవాళ్లలో నాకు పోటీ లేకుండా చేసింది ఆయనే.

తిరుగుదారిలో బామ్మర్ది నాకంటే బాగా ముందున్నాడు. కానీ తొందర ఎక్కువై, అందరూ తొక్కిన బాట వదిలేసి, అడ్డంగా పోబోయాడు. కాళ్లు ఎత్తి ఎత్తి వేసేవాణ్ణి ఆ పెళుసు మొయ్యదు. మోకాలి దాకా దిగబడిపోయాడు. నేను పాదాలు రాసుకుంటూ వాడి పక్కనించి నెమ్మదిగా జారుకున్నాను.

“ఒరేయ్, ఈ పొద్దు సంత ఉండాది రా!” అన్నాను. ఎన్ని రోజులనించి ఆ మాట నోట్లో దాచుకున్నానో!

వాడు బురదలో నిలబడి పగలబడి నవ్వాడు. అదీ వాడితో వచ్చిన చిక్కు. ఓడినా గెలిచినా వాడికి నవ్వే. కోపం తెచ్చుకుందామంటే తోడు దొరకదు. ఆ రోజు నాకు ఎర్ర అంచు కండువా ఇచ్చారు. మా ఆవిడ దాన్ని నా మెడలోంచి తీసి తమ్ముడి కాళ్ల బురద తుడిచింది.

చెరొకటి గెలిచాం. ఇక కొండ ఒక్కటే మిగిలింది.

మా ఊళ్లో ఎత్తు అంటే ఇసుక దిబ్బే. కొండను దూరంగా నీలంగా చూడటమే తప్ప ఎక్కిన పాపాన పోలేదు. పందెం ముందు రాత్రి మాకు నిద్ర లేదంటే నమ్మండి. బస్సులో పోతుంటే బామ్మర్ది, నేనూ ఒకే సీట్లో కూర్చున్నాం. కొండ దగ్గరవుతున్నకొద్దీ ఇద్దరం కిటికీలోంచి తలలు ఇంకా ఇంకా పైకెత్తి చూశాం. “బావా, దాని మీదికి మనుషులు ఎక్కతారా నిజంగా?” అన్నాడు చివరికి. “మేకలు ఎక్కతాయి గదా” అన్నాను. అంతకు మించి ధైర్యం నా దగ్గరా లేదు.

నిజం చెప్పాలి, నాకు ఆ రోజు భయం వేసింది. గెలవకపోతే ఆ మరుసటి సంతకే నేను వరస చివర. నాయన మోసిన బద్ద నా భుజం మీద ఉంటుంది, ముందు మాత్రం వేరే వాళ్ల వీపులుంటాయి. కుర్రాళ్లు ‘తాతా, జాగర్త’ అంటారు. నా మోకాలి సంగతి నాకు తెలుసు. ఈసారి పోతే ముందు కావడి మళ్లీ నా దగ్గరికి రాదు. బస్సు దిగుతూ, దేవుడికి కాదు, నా కుడి మోకాలికి దణ్ణం పెట్టుకున్నాను.

కొండదారి కొంతమేర మెట్లు, కొంతమేర రాళ్లు. ఈల వెయ్యగానే కొండకింది పల్లెల కుర్రాళ్లు మేకపిల్లల్లా ఎగిరి మాయమైపోయారు. వాళ్లతో మాకు పని లేదు, మా పందెం మాది. ఈసారి కూడా నీళ్ల కుండల కావడితోనే బయలుదేరాను. నాలుగు మెట్లు ఎక్కానో లేదో ముందు కుండ మెట్టుకు కొట్టుకుని పగిలిపోయింది. సరస్సు ఒడ్డువాడికి తప్ప ఇంకెవరికీ జరగని పని అది. మా దారులన్నీ చదును కాబట్టి ఎదురుగా ఉన్న నేల పైకి లేస్తుందని నాకు తోచనే లేదు. సిపాయి అన్న కింద నించి “సామాను పారెయ్ తమ్ముడూ!” అని అరిచాడు. రెండో కుండ కూడా విప్పి అక్కడే పెట్టేసి, ఉత్త బద్ద భుజాన వేసుకుని ఎక్కసాగాను.

బరువు లేకపోయినా బద్ద ఉంది, చాలు. అడుగు కుదిరింది. బామ్మర్ది ఒక్కోసారి రెండేసి మెట్లు దాటుకుంటూ ముందుకు పోతాడు, ఆయాసంతో కూలబడతాడు. నేను నత్తలా వాణ్ణి దాటుకుంటాను. వాడు లేచి మళ్లీ నన్ను దాటతాడు. ఇలా సగం కొండ అయింది. పైకి పోయేకొద్దీ వాడు కూలబడటం మానేశాడు. కుర్రతనం కదా, ఊపిరి కుదురుకుంది. చివరి మలుపు దగ్గర నేను ముందున్నాను గానీ వాడి ఊపిరి నా వీపుకు తగులుతోంది. ఒకవైపు బండ, ఒకవైపు లోయ. మలుపు దాటగానే దారి వెడల్పవుతుంది. అక్కడ వాడు నన్ను దాటేస్తాడని నాకు తెలుసు. వాడికీ తెలుసు. నా మోకాలు ఇంక నా మాట వినడం లేదు. కుడి భుజం మండిపోతోంది. దారి వెడల్పయింది. వాడు పక్కకు జరిగాడు.

“భుజమో!”

ఆ కేక నేను వెయ్యాలని వేసింది కాదు. ఇన్నేళ్ల అలవాటు, భుజం మండగానే గొంతులోంచి దానంతటదే వచ్చేసింది. ఆగాను. మెడ వంచి బద్ద ఎడమకు మార్చుకున్నాను. అడుగు వేశాను. పది గజాలు పోయాక, వాడు ఇంకా నన్ను ఎందుకు దాటలేదా అని వెనక్కి చూశాను.

వాడు ఆగి ఉన్నాడు. రెండు పాదాలూ దగ్గర పెట్టుకుని, మెడ వంచి, తన భుజం మీద లేని కావడిని కుడి నించి ఎడమకు మార్చుకుంటున్నాడు.

గుడి గంట వాడికంటే ముందు నేను కొట్టాను. వాడు నా తరవాత కొట్టాడు. మొదట నేను చేసిన పని ఎగిరి గంతెయ్యడం. సిగ్గులేకుండా గంతేశాను. అక్కణ్ణించి సముద్రం కనిపిస్తుందని ఎవరో అంటే అటు చూశాను. ఎండమావి తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు, కొబ్బరి చిప్పలు పట్టుకుని ఇద్దరం బండ మీద కూర్చున్నాక, అడిగాను.

“ఎందుకు ఆగినావురా?”

“నువ్వు పిలిచినావు గదా.”

“పందెంరా అది! దాటేసి పోవాల గదా!”

వాడు నన్ను వింతగా చూశాడు. “నువ్వు భుజం అన్నాక ఆగకుండా ఎట్టా పోయేది బావా? కాళ్లు పోవద్దూ?” అని కొబ్బరి కొరికాడు. తనకు అన్యాయం జరిగిందని వాడికి తోచనే లేదు. చేపల పాక ముందు నా కాళ్లు ఆగిపోయినట్టే వాడి కాళ్లూ ఆగిపోయాయి. కాకపోతే నన్ను ఆపింది పాక, వాణ్ణి ఆపింది నా గొంతు. వాడి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని చెప్పడం ఎలాగో తెలియక, “నమిలింది చాలు, దిగు” అని కసిరాను.

కోడి మా ఇంట్లో ఆ రాత్రే ఉడికింది. మా ఆవిడ తొడ ముక్క ఎవరికి వెయ్యాలో తేల్చుకోలేక తానే తినేసింది.

మరుసటి సంత రోజున కోడికూత వేళకు అందరం ఒడ్డున చేరాం. తట్టలు నిండాయి. ముందు కావడి నాదే, ఊరంతా ఒప్పుకుంది. నా చోట నేను నిలబడ్డాను. కావడి ఎత్తబోతూ వెనక్కి చూస్తే వాడు ఎప్పటిలా నా వెనక, నా వీపు వైపు చూస్తూ, ఏదో నములుతూ, నా కేక కోసం కాచుకుని ఉన్నాడు. ఎందుకో నా చేతులు బద్ద మీదికి పోలేదు. పక్కకు తప్పుకున్నాను.

“ముందు నువ్వు నిలబడు.”

“అదేంది బావా? గెలిచింది నువ్వు గదా!”

“గెలిచినోణ్ణి నేను, చెప్పేది నేను. నిలబడమంటే నిలబడు!”

ముందు కావడి వదిలినవాడు చివరికి పోవాలి కాబట్టి కావడి ఎత్తుకుని చివరికి బయలుదేరాను. వాడు నా తట్ట తాడు పట్టుకుని ఆపేశాడు.

“యాడికి పోతాండావు? నా ఎనకాలే ఉండు. ఎనక నువ్వు లేకపోతే నాకు అడుగు పడదు.”

ఎవరూ కాదనలేదు. అలా ఇన్నేళ్ల తరవాత మొదటిసారి నా ముందు ఒక వీపు నిలబడింది.

బయలుదేరాం. ఆ కొంగ కాళ్లు ముందుంటే నేను అందుకోలేనని భయపడ్డాను. కానీ వాడు పోతున్న వేగం అచ్చంగా నా వేగమే. అడుగు కూడా నాదే, పొట్టిగా, నేలను రాసుకుంటూ. కొంతదూరం పోయాక నా కళ్లకు అది తెలిసింది: వాడి కాళ్లు దాని కంటే రెట్టింపు పోగలవు. ఇన్నేళ్లూ వాడు నా వెనక వాటిని కుదించుకుంటూనే వచ్చాడు.

సరుగుడు తోపు వచ్చింది. మోకాలు పట్టేసింది. తూము ఇంకా దూరం. అలవాటు ప్రకారం పళ్లు బిగబట్టాను.

“భుజమో!”

గొంతు బొంగురుగా ఉంది, మొదటి కేక కదా. తూము దగ్గర పడాల్సిన కేక తోపు దగ్గరే పడింది. వరసంతా ఆగింది. మెడ వంచి బద్ద ఎడమకు మార్చుకున్నాను. బరువు మారగానే మోకాలి నొప్పి వదిలింది. నేను ఎవరికీ చెప్పలేదనుకున్న సంగతి వాడికి ఎప్పట్నించో తెలుసు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. కళ్లు చెమర్చితే దుమ్ము పడిందనుకుని పైగుడ్డతో తుడుచుకుని, వాడి అడుగులో అడుగు వేసుకుంటూ సంతకు పోయాను.